పిల్లలతో కుట్టుపని: మిషన్ తర్వాత, ముందు గళ్ల లుంగీ

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. మా ఆవిడ శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, వారం విడిచి వారం సెకండ్ షిఫ్టు. ఆ వారాల్లో స్కూలు నుంచి వచ్చింది మొదలు పిల్లలు నా దగ్గరే. స్కూల్లో టీచరెవరో గుండీ కుట్టడం చూపించారట. అప్పట్నుంచి పాప "నాన్నా, ఏమన్నా కుడదాం" అని ప్రాణం తీస్తోంది. అక్క ఏం చేస్తే తమ్ముడికీ అదే కావాలి. నాకేమో హాస్టల్ రోజుల్లో నేర్చుకున్న గుండీ కుట్టు తప్ప ఇంకేం రాదు. అత్తగారిచ్చిన తొక్కుడు మిషన్ ఇంట్లో ఉంది, పాప కన్నంతా దాని మీదే. మా అమ్మేమో "దీపాలు పెట్టే వేళ సూది పట్టకూడదు, అయినా మగపిల్లోడికి కుట్లేందిరా" అంటుంది. ఏం కుట్టించాలి? ఏమేం కొనాలి? పాపకు మిషన్ ఇవ్వొచ్చా?

జవాబు: గుండీ కుట్టడం వచ్చిందంటే సూదిలో దారం ఎక్కించడం, ముడి వేయడం, బట్టను కిందనుంచి పైకి, పైనుంచి కిందికి గుచ్చడం, చివర్న దారం ఊడిరాకుండా కట్టేయడం అన్నీ మీకు వచ్చినట్టే. పిల్లలతో చేసే పనికి ఇంతకుమించి అక్కర్లేదు, టెన్షన్ పడకండి. చాలా ఇళ్లలో ఈ సరదా ఆగిపోయేది కుట్టడం రాక కాదు, ఏం కుట్టాలో సరిగ్గా ఎంచుకోక. ఫోన్లో ఏదో వీడియో చూసి ఏనుగు బొమ్మో, బొమ్మకు గౌనో మొదలుపెడతారు. ఒక చెవి కుట్టేసరికి పిల్లలకు విసుగొస్తుంది. మిగతా ఏనుగు కవర్లో మూటగట్టుకుని అటకెక్కుతుంది. అందుకే నేను చెప్పేది ఒకటే: ఒకటి రెండు సాయంత్రాల్లో అయిపోయే పని పట్టుకోండి, అది అయిన మర్నాడే ఇంట్లో ఎవరో ఒకరికి వాడకంలోకి రావాలి.

ముందు అమ్మగారి సంగతి. దీపాలు పెట్టే వేళ సూది వద్దనడంలో పిల్లలకు మేలే ఉంది. ట్యూబ్‌లైటు కింద మన చేతి నీడ మన కుట్టు మీదే పడుతుంది. తెల్ల బట్ట మీద తెల్ల దారం అసలే కనబడదు. స్కూలు నుంచి వచ్చి ఏదో ఒకటి తిన్నాక చీకటి పడేదాకా గంటో గంటన్నరో వెలుతురుంటుంది. ఆరేళ్లవాడు అరగంటకు మించి ఎటూ కూర్చోడు. వాకిట్లోనో, మిద్దె మీద నీడపట్టునో చాప వేసుకుని కూర్చోండి. అమ్మగారి మాటా నిలబడుతుంది, పిల్లల కళ్లకూ మంచిది. ఇక మగపిల్లాడికి కుట్లేంటన్న మాటకు మన ఊళ్లో జవాబు చెప్పనక్కర్లేదు. మీ చొక్కాలు కుట్టే టైలరు మగాడే కదా. పైగా గంగజాతర రోజుల్లో మగాళ్లు చీర కట్టి, జడ వేసుకుని బజారు తిరిగే ఊరు మనది! మీవాడు సూది పడితే గంగమ్మకు వచ్చే కోపమేమీ లేదు.

సామానుకు పెద్ద ఖర్చుండదు. ఇంటి దగ్గర్లోని మ్యాచింగ్ సెంటర్లో ఎంబ్రాయిడరీ దారాలు, కాస్త పెద్ద బెజ్జం ఉన్న ఎంబ్రాయిడరీ సూదులు, బాబుకు మొన గుండ్రంగా ఉండే ఉన్ని సూది, నాడా దొరుకుతాయి. ఒక్క విషయం గుర్తుంచుకోండి: చేతి సూదుల ప్యాకెట్ మీద అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మిషన్ సూదులకు అది తలకిందులు. తెలియక పెద్ద నంబరు అడిగితే మీకే దారం ఎక్కనంత సన్నసూది చేతికొస్తుంది. బట్ట మాత్రం కొనొద్దు. ఉతికి ఉతికి మెత్తబడ్డ కాటన్ కావాలి. పాత పంచె, దిండు గలీబు, చిరిగిన కాటన్ చీర, అన్నిటికంటే మేలు పాత గళ్ల లుంగీ. జార్జెట్, సిల్కు, నైలాన్ వద్దేవద్దు, సూది కింద జారిపోతాయి. జీన్స్ ముక్కలో పిల్లల చేత సూది దిగదు.

గళ్ల లుంగీ అని ఎందుకంటున్నానంటే, పిల్లల కుట్టు వంకర పోవడానికి సగం కారణం గీత లేకపోవడమే. లుంగీ మీద అడ్డం, నిలువు గీతలు నేసే వచ్చాయి. పెన్సిలూ స్కేలూ అక్కర్లేదు. రెండు జానల చదరంగా, అంటే సుమారు 45 సెంటీమీటర్ల ముక్క గీత వెంబడే కత్తిరించండి. బాబుకు ఒక్కో గడిలో ఒక్కో ఇంటూ గుర్తు కుట్టే పని ఇవ్వండి. గడిలో కింద ఎడమ మూలన సూది పైకి రావాలి, పైన కుడి మూలన కిందికి దిగాలి, మళ్లీ రెండో మూలనుంచి అలాగే. ఒక వరుస కుట్టి లేచిపోతే లేచిపోనివ్వండి. లుంగీ బట్ట నేత దగ్గరగా ఉంటుంది కాబట్టి మొనలేని సూది దిగదు. మూలల్లో మీరే ముందు మామూలు సూదితో బెజ్జాలు పొడిచి ఇవ్వండి. అప్పటికీ కష్టపడుతుంటే మొదటి రోజు బట్ట మానేసి పాత పెళ్లిపత్రిక అట్ట తీసుకోండి. దబ్బనంతో సెంటీమీటరుకో బెజ్జం పొడిచి, ఉన్ని దారం ఇచ్చి లోపలికి బయటికి లాగమనండి. అట్ట వంగదు కాబట్టి సూది ఎటు వెళ్తోందో వాడికి బాగా తెలుస్తుంది. మర్నాడు మళ్లీ లుంగీకి రావచ్చు.

ముక్క అంచుల పని పాపది. మడిచి కుట్టడం ఇప్పుడే వద్దు. నాలుగు పక్కలా అంచు పోగులు ఒక్కొక్కటే లాగేస్తే సెంటీమీటరు మేర కుచ్చు వస్తుంది. ఈ పోగులు లాగే పని ఉంది చూశారూ, పిల్లలకు మహా ఇష్టం. అయితే అంతటితో వదిలేస్తే ఉతికిన ప్రతిసారీ ఇంకా ఇంకా ఊడి వస్తుంది. కుచ్చు మొదలయ్యే చోట లోపలివైపు చుట్టూ ఒక వరుస మామూలు కుట్టు వేయించండి. పూర్తయిన గుడ్డ మీ ఆవిడ టిఫిన్ బాక్సు చుట్టడానికి సరిగ్గా సరిపోతుంది. సెకండ్ షిఫ్టుకు ఆ మూటే పట్టుకెళ్లమనండి. తాము కుట్టింది శ్రీసిటీ దాకా వెళ్లొచ్చిందని తెలిస్తే మర్నాడు సూది కోసం మిమ్మల్ని వాళ్లే పిలుస్తారు.

దారం విషయంలో ఒక మాట. పని ఆపకుండా కుట్టొచ్చని పెద్దవాళ్లు బారెడు దారం ఎక్కించి ఇస్తారు. పిల్లల చేతిలో అది నాలుగు కుట్లకే చిక్కుపడుతుంది. ఆ పిల్ల వేలి కొస నుంచి భుజం దాకా ఎంత పొడవో అంతే దారం చాలు. పాపకు ఎంబ్రాయిడరీ దారంలోని ఆరు పోగుల్లో మూడు విడదీసి ఇవ్వండి, బాబుకు ఆరూ ఉండనివ్వండి. వాడు లాగిన ప్రతిసారీ సూదిలోంచి దారం ఊడిపోతుంటే మూడు పోగులే ఎక్కించి, రెండు కొసలూ కలిపి ఒకే ముడి వేయండి. ఇక ఊడదు.

రెండోది చింతగింజల సంచి, విసిరి పట్టుకుని ఆడుకోవడానికి. మన వైపు చింతపండు కొట్టే కాలంలో గింజలకు కరువుండదు, అమ్మగారి దగ్గరో పక్కింట్లోనో ఓ డబ్బాడు ఉండే ఉంటాయి. రెండు రోజులు బాగా ఎండబెట్టండి, లేకపోతే సంచిలో పురుగు పడుతుంది. కొందరు బియ్యమో రాగులో పోస్తారు. పెద్దవాళ్లు కుట్టిన సంచికైతే పర్వాలేదు. పిల్లలవి అర సెంటీమీటరు కుట్లు, రాగి గింజ ఆ సందులోంచి ఎంచక్కా జారిపోతుంది. రెండో రోజుకు హాలంతా రాగులే. చింతగింజ ఎంత వదులు కుట్టులోంచైనా బయటికి రాదు.

12 సెంటీమీటర్ల వెడల్పు, 22 పొడవు ముక్క తీసుకుని మంచివైపు లోపలికి వచ్చేలా మధ్యకు మడవండి. ఒక పక్క మడతే కాబట్టి కుట్టాల్సింది మూడు పక్కలే. అంచు నుంచి సెంటీమీటరు లోపలికి పెన్సిల్‌తో గీత గీసి, గీత మీద అర సెంటీమీటరుకో చుక్క పెట్టించండి. పాపకు చెప్పాల్సింది ఇంతే: ఒక చుక్కలో దిగు, పక్క చుక్కలో పైకి రా. తొమ్మిదేళ్ల పిల్ల కాబట్టి ఇక్కడే వెనక్కి కుట్టు కూడా నేర్పొచ్చు. పైకి వచ్చిన సూది ముందుకు వెళ్లకుండా ఒక చుక్క వెనక్కి వెళ్లి దిగాలి, అడుగున రెండు చుక్కలు ముందుకు నడిచి పైకి రావాలి. పైన చూస్తే సందు లేకుండా మిషన్ కుట్టులా కనబడుతుంది. అది చూసుకుని పిల్లలు పొంగిపోతారు. మూడో పక్కన నాలుగు వేళ్లు పట్టేంత సందు వదిలి బట్టను తిరగేయండి. మూలల్లోకి పెన్సిల్ మొద్దు వైపు పెట్టి నెడితే కొసలు బయటికి వస్తాయి. సంచిలో మూడింట రెండొంతులే గింజలు పోయండి. నిండా కూరితే చేతికి గట్టిగా తగులుతుంది, పట్టుకోవడానికి మెత్తగా ఒదగదు. గింజలు పోసే పని బాబుది, నేల మీద పోసుకోవడం కూడా వాడి పనే. సందు మూసే చివరి కుట్టు మీరు వేయండి, ఎక్కువ లాగుడు పడేది అక్కడే.

పిల్లలు పడుకున్నాక ఆ వంకర కుట్లు విప్పి మీరు చక్కగా కుట్టి పెట్టకండి. చాలామంది ప్రేమకొద్దీ చేసే పనే అది. పొద్దున లేచి చూసేసరికి సంచి అందంగా ఉంటుంది, కానీ అది తను కుట్టింది కాదని పాపకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఎక్కడైనా నిజంగా ఊడిపోయేలా ఉంటే "ఇక్కడ ఇంకో వరుస వేద్దామా" అని అడిగి, తన కుట్టు పక్కనే తన చేతే వేయించండి.

మూడోదానికి మీ అమ్మగారి సాయం కావాలి. వాళ్ల నడుముకు దోపుకునే వక్కాకు తిత్తి ఉంటే, లేదా వాళ్ల అవ్వ దగ్గర చూసి ఉంటే, అదెలా మూసుకుంటుందో పిల్లలకు చూపించమనండి. తాడు లాగితే మూతి ముడుచుకోవడం చూస్తే పిల్లలు కావాలనకుండా ఉండరు. దాన్నే మీరు జేబురుమాలుతో చేయొచ్చు. మగాళ్ల జేబురుమాలు సుమారు 40 సెంటీమీటర్ల చదరం. నాలుగు పక్కలా మడిచి కుట్టేసే వస్తుంది కాబట్టి అంచుల బాధ లేదు. తిరగేసి పరిచి, పై అంచును మూడు సెంటీమీటర్లు కిందికి మడిచి, ఆ మడత కింది అంచు వెంబడి ఒక వరుస కుట్టండి. నాడా నడిచే దారి సిద్ధమైనట్టే. ఇప్పుడు మంచివైపు లోపలికి పెట్టి నోటుబుక్కు మూసినట్టు నిలువుగా సగానికి మడవండి. కింది పక్కా, తెరిచి ఉన్న పక్కా కుట్టండి. నాడా దారి దగ్గరికి రాగానే ఆగిపోవాలి, దాన్ని కుట్టేస్తే నాడా ఎక్కదు. తిరగేసి, నాడా కొసకు పిన్నీసు గుచ్చి ఒక రంధ్రంలోంచి తోసుకుంటూ రెండో రంధ్రంలోంచి బయటికి లాగి కొసలు ముడి వేయండి. బట్టలోపల పిన్నీసును తడుముకుంటూ నడిపించడం ఆరేళ్లవాడికి ఇచ్చి చూడండి, అక్క ఎంత అడిగినా వదలడు.

మొత్తం కుట్టు మీటరు దాకా ఉంటుంది, అందుకే ఇది రెండు సాయంత్రాల పని. మొదటి రోజు నాడా దారి, రెండో రోజు పక్కలు. వాటర్ బాటిలో, క్రేయాన్ల డబ్బానో వేసుకుని స్కూలుకు పట్టుకెళ్లొచ్చు. హుండీలో వేయడానికి దాచే చిల్లరకైతే ఇంతది అక్కర్లేదు, పసుపు బట్టతో ఇదే పద్ధతిలో అరచేతిలో పట్టేంతది చేసుకోవచ్చు. అంచులు మాత్రం ముందే మడిచి కుట్టుకోవాలి. అమ్మగారు ఒకసారి ఈ పనిలో దిగారంటే తర్వాత బొంత గురించి కూడా వాళ్లే చెబుతారు. పాత కాటన్ చీర మూడు పొరలు పరిచి వరుసలు వరుసలుగా కుట్టుకుంటూ పోవడమే. చిన్న ఆసనమంత ముక్కతో మొదలుపెడితే చాలు. అది నిదానంగా సాగే పని. తొందరేం లేదు.

పాపకు ఎంబ్రాయిడరీ మీదకు మనసుపోతే పుస్తకంలో డిజైన్లు వెతకొద్దు. శ్రీకాళహస్తి మనకు గంట దూరం. కలంకారీ ముక్క మీద నల్ల గీతతో పక్షులు, ఆకులు, పువ్వులు గీసే ఉంటాయి. ఆ గీత మీదే కుట్టుకుంటూ పోతే చాలు. కానీ చేత్తో గీసిన అసలు కలంకారీ మీద సూది పెట్టకండి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టిన బట్ట మీద, ఇనుప తుప్పూ బెల్లం ఊరబెట్టిన నల్లరంగుతో, వెదురు కలంతో ఒక మనిషి కూర్చుని గీసిన గీత అది. ఇంట్లో అలాంటిది ఉంటే పిల్లలకు చూపించి దాచేయండి. కుట్టుకు అదే డిజైన్‌తో అచ్చు వేసిన చవక బట్ట తీసుకోండి, మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు ముక్కలుగా దొరుకుతుంది. ఒకసారి విడిగా ఉతికి ఆరేశాకే కుట్టించండి, రంగు వదిలేది మొదటి ఉతుకులోనే తెలుస్తుంది.

గుండీలు మీకు వచ్చు కాబట్టి ఎక్కువ చెప్పను. పాపకు ఒక్కటి చూపించండి: గుండీ మీద అగ్గిపుల్ల అడ్డం పెట్టి దాని మీదుగా కుట్టి, చివర్న పుల్ల లాగేసి, వదులైన దారానికి గుండీ కింద మూడు చుట్లు చుట్టి ముడి వేయాలి. అలా కుట్టిన గుండీ కింద కాజా బట్ట పట్టేంత ఎడం ఉంటుంది, త్వరగా తెగదు. ఇంట్లో గుండీ తెగిన చొక్కాలన్నీ ఆమెకిచ్చేయండి.

ఇక మిషన్. పాపకు ఇవ్వొచ్చు, కానీ చేతికుట్టుతో ఓ రెండు వస్తువులు పూర్తి చేశాక. మొదటి రోజు దారం వద్దు, బట్టా వద్దు. బట్టను నొక్కి పట్టే మిషన్ పాదాన్ని పైకెత్తి ఉంచి తొక్కడం మాత్రమే. చక్రం ఎప్పుడూ మన వైపుకే తిరగాలి. తొక్కడం ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు వెనక్కి తిరగబోతుంది, అప్పుడు చేత్తో చక్రాన్ని మన వైపుకు కొంచెం తిప్పి అందుకోవాలి. ఆ లయ కుదిరాక దారం ఎక్కించకుండా రూళ్ల నోటుబుక్కు కాగితం పెట్టి గీత మీద నడిపించమనండి. బెజ్జాలు గీత మీద పడ్డాయో లేదో కాగితాన్ని వెలుతురుకు పెట్టి తనే చూసుకుంటుంది. కాగితానికి పాత సూది వాడండి, కొత్తదైతే మొద్దుబారుతుంది. ఈ పనిలో ఉండగానే చేతి సూది, మిషన్ సూది పక్కపక్కన పెట్టి చూపించండి. చేతి సూదికి బెజ్జం వెనక, మిషన్ సూదికి మొన దగ్గర. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంట్ తీసుకున్న మిషన్‌లో ఇదే కీలకం. మొనలోనే దారం ఉంటే సూది బట్టను పూర్తిగా దాటక్కర్లేదు, కిందికి దిగి పైకి లేచేటప్పుడు వదిలే దారపు ఉచ్చులో అడుగు దారం వచ్చి చిక్కుకుంటుంది. బాబిన్ తీసి చూపిస్తే ఆ రెండో దారం ఎక్కడిదో వాళ్లకే అర్థమవుతుంది.

బాబు మాత్రం ఇంకో రెండు మూడేళ్లు మిషన్‌కు దూరం. మీరు తొక్కుతుంటే ఎదురుగా నిలబడి కుట్టిన బట్ట అందుకోవచ్చు, అంతే. పని అయిపోగానే బెల్టును చక్రం మీంచి జార్చేయండి. మీరు లేనప్పుడు వాడు తొక్కినా సూది కదలదు.

సూది గుచ్చుకోవడం ఎలాగూ ఉంటుంది. మొదటి చుక్క రక్తానికి మీరు గాభరా పడకపోతే వాళ్లూ పడరు, సబ్బుతో కడిగితే సరి. ధనుర్వాతం రాకుండా బాబుకు ఐదారేళ్ల వయసులో వేయాల్సిన డీపీటీ బూస్టర్ పడిందో లేదో టీకా కార్డు ఒకసారి చూడండి. పాపకు పదేళ్లు నిండగానే టీడీ టీకా ఎటూ ఉంది. గుచ్చుకున్న సూది కంటే కనబడకుండా పోయిన సూదికే భయపడాలి. ఒక్కొక్కరికి ఒక్కటే సూది ఇవ్వండి. కుట్టు ఆపితే సూది, సూదులు గుచ్చే చిన్న దిండులోనే ఉండాలి, చాప మీద కాదు, నోట్లో అసలే కాదు. లేచేముందు రెండూ లెక్క చూసుకుని, పాత స్పీకర్ అయస్కాంతం ఉంటే దాన్ని చాప మీద ఒకసారి తిప్పండి. బట్ట కత్తిరించడం, ఇస్త్రీ మీ పనులు. దారం కత్తిరించుకోవడానికి పిల్లలకు మొన గుండ్రంగా ఉన్న స్కూలు కత్తెర చాలు.

ఈ ఆదివారం మ్యాచింగ్ సెంటర్‌కు పిల్లలిద్దర్నీ తీసుకెళ్లి దారం రంగులు వాళ్లనే ఎంచుకోనివ్వండి. ఇద్దరూ ఒకే రంగు పట్టుకుని గొడవ పడితే రాజీ చేయబోకండి, అదే రంగు రెండు కొనేయండి. కత్తెర్లు కూడా రెండు.